అమెజాన్‌లో ఏ రేవు పట్టణానికి వెళ్లాలి? ముందు నెల తేల్చుకోండి, తర్వాత ఊరు

అమెజాన్ చూడాలనుకునేవాళ్లు మొదట అడిగేది "పెరూ నుంచి వెళ్తే మంచిదా, బ్రెజిల్ నుంచా?" అని. దానికి జవాబు దొరకాలంటే ముందు ఒకటి తేలాలి: మీకు సెలవు ఏ నెలలో దొరుకుతోంది? పెరూలో ఇకిటోస్, కొలంబియాలో లెటీసియా, బ్రెజిల్‌లో మనౌస్, సాంటారెమ్, బెలెమ్ ఐదూ నది ఒడ్డునే ఉన్నా, ఒకే నెలలో ఐదు చోట్లా కనిపించేది ఒకటి కాదు. కొన్ని నెలల్లో పడవ చెట్ల కొమ్మల మధ్యకు పోతుంది. కొన్ని నెలల్లో అదే చోట బురదలో కిలోమీటరు నడవాలి.

మనౌస్ రేవులో ఒక గోడ ఉంది. 1902 నుంచి ఏ సంవత్సరం నది ఎంత ఎత్తుకు ఎక్కిందో దాని మీద వరసగా రాసి పెట్టారు. 2021 జూన్‌లో అక్కడి కొలబద్ద 30.02 మీటర్లు చూపింది. అంతకు ముందెన్నడూ అంత లేదు. 2024 అక్టోబర్‌లో 12.11కు పడిపోయింది. అంత తక్కువా ఎన్నడూ లేదు. రెండింటి మధ్య తేడా దాదాపు 18 మీటర్లు, ఆరంతస్తుల మేడంత. మామూలు సంవత్సరాల్లోనూ పది మీటర్లకు అటూ ఇటూగా ఎక్కి దిగుతుంది. అందుకే ఆ రేవును నీటి మీద తేలేలా కట్టారు. నదితో పాటు లేస్తుంది, నదితో పాటు దిగుతుంది.

నది నిండుగా ఉన్నప్పుడు అడవిలో నేల కనిపించదు. చిన్న పడవలో చెట్ల మధ్యకే వెళ్తారు. కోతులు, స్లాత్‌లు, చిలకలు ఉండే కొమ్మలు మీ కంటికి దగ్గరవుతాయి. పింక్ డాల్ఫిన్లు కూడా మునిగిన అడవిలోకి వచ్చేస్తాయి. కాలిబాటలు మాత్రం చాలావరకు నీళ్లలో ఉంటాయి. దోమలు ఎక్కువ, ఇసుక ఒడ్డులన్న మాటే ఉండదు. నది తగ్గాక లెక్క తిరగబడుతుంది. అడవిలో నడవొచ్చు, చేపలన్నీ మడుగుల్లో ఇరుక్కుంటాయి కాబట్టి కొంగలు, కెయ్‌మన్ మొసళ్లు గుంపుగా కనిపిస్తాయి, ఇసుక తిన్నెలు తేలతాయి. కొన్ని సరస్సుల్లోకి పడవ పోదు, పెద్ద బోట్లు ఇసుకలో కూరుకుపోతుంటాయి.

వానాకాలం, వరదకాలం ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు. మనౌస్‌లో వానలు మార్చి, ఏప్రిల్‌లో ముమ్మరం. నది నిండేది మాత్రం జూన్‌లో, ఎందుకంటే ఆ నీళ్లు చాలావరకు వందల, వేల కిలోమీటర్ల ఎగువన కురిసినవి. ఎగువన ఉన్న ఇకిటోస్, లెటీసియాల్లో నది ఏప్రిల్, మే నాటికే నిండి, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా తగ్గి ఉంటుంది. మనౌస్‌లో అక్టోబర్ చివర, నవంబర్‌లో అడుగంటుతుంది. సాంటారెమ్‌లో మే, జూన్‌లో నిండు, అక్టోబర్, నవంబర్‌లో తగ్గు. బెలెమ్ సముద్రానికి దగ్గర కాబట్టి అక్కడ లెక్క నెలలది కాదు, రోజూ వచ్చే ఆటుపోట్లది.

మన సెలవులకు అన్వయిస్తే ఇలా తేలుతుంది. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివర, మే నెలల్లో వెళ్తే ఇకిటోస్ లేదా లెటీసియా. అమెరికాలో ఉండి జూన్, జులైలో సెలవు పెట్టగలిగితే మనౌస్: వాన తగ్గి, నది ఇంకా నిండుగా ఉండే రోజులవి, అన్నిటికన్నా మంచి జోడీ అదే. దసరాకైతే సాంటారెమ్. క్రిస్మస్, సంక్రాంతి మధ్య ఎక్కడికి వెళ్లినా నది పెరుగుతూ సగంలో ఉంటుంది. అప్పుడు విమాన ఛార్జీ, వీసా చూసి నిర్ణయించుకోవచ్చు.

ఇకిటోస్: లోతైన అడవి కావాలంటే

పెరూలో లొరెటో ప్రాంతానికి రాజధాని. దేశంలోని మిగతా ఊళ్లతో రోడ్డు సంబంధం లేని నగరాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే. రోడ్డంటూ ఉన్నది నౌటా వరకు, సుమారు వంద కిలోమీటర్లు. లీమా నుంచి విమానంలో రెండు గంటల లోపే. పడవలో రావాలంటే యురిమగువాస్ నుంచో, పుకల్పా నుంచో రోజుల తరబడి ప్రయాణం.

ఊళ్లో కార్లు తక్కువ, మోటోటాక్సీలు ఎక్కువ. మన ఆటోలాంటివే అయినా ముందు సగం మోటార్‌సైకిల్. పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా వాటి మోత ఆగదు. కాబట్టి ప్లాసా దె అర్మాస్ వైపు వీధి మీద కిటికీ ఉన్న గది తీసుకుంటే నిద్ర కరువు. లోపలి వైపు గది అడగండి. రబ్బరు వ్యాపారం జోరుగా సాగిన 19వ శతాబ్దపు చివరి రోజుల గుర్తుగా ఆ కూడలిలో ఇనుప రేకులతో కట్టిన కాసా దె ఫియెర్రో, నది వైపు పింగాణీ పలకల మేడలు మిగిలాయి. బెలెన్ సంతకు ఉదయం ఏడు గంటల్లోపు వెళ్లాలి, ఫోన్ జేబులో ఉంచుకోవాలి. సంత కింద ఉన్న బెలెన్ వాడలో ఇళ్లు వరదకాలంలో తేలుతాయి, అప్పుడు పడవలో తిరగొచ్చు. నది తగ్గితే అవే సందుల్లో బురద, చెత్త. ఆగస్టులో వెళ్లేవాళ్లు ఆ వాడ వదిలేసినా పోయేదేం లేదు.

ఇకిటోస్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం పకాయా-సమీరియా రిజర్వు. 20 లక్షల హెక్టార్లకు పైబడిన నీటి అడవి అది. దారి నౌటా మీదుగా. మోటార్ రోడ్డు మీద రెండు గంటలు, అక్కడి నుంచి పడవ. ఒకరోజులో చూసొద్దామంటే కుదరదు. కనీసం మూడు రాత్రులు లోపల ఉంటేనే ఖర్చుకు తగ్గ ఫలితం. రిజర్వు ప్రవేశ రుసుము ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే అడగాలి, లేకపోతే నౌటాలో పడవెక్కేముందు జేబులోంచి తీయాల్సి వస్తుంది.

అంత సమయం లేనివాళ్లకు దగ్గర్లో రెండు చోట్లు సరిపోతాయి. బెల్యావిస్టా-నానయ్ రేవు నుంచి పెకె-పెకె అనే చిన్న మోటారు పడవ ఎక్కితే పాద్రె కోచా ఊళ్లో పిల్పింతువాసి సీతాకోకచిలుకల కేంద్రం ఉంది. గాయపడ్డ, పట్టుబడ్డ జంతువులనూ అక్కడ సాకుతారు. నౌటా రోడ్డు మీద అల్పవాయో-మిషానా రిజర్వులో తెల్ల ఇసుక మీద పెరిగే అడవి ఉంది, పక్షులు చూసేవాళ్లకు అది పండగ.

ఈ ఊళ్లో జరిగే మోసం ఒకటే తీరు. విమానాశ్రయం బయట, నదీతీరం నడకదారి మీద ఎవరో ఫొటోల ఆల్బమ్ చూపించి, పేరున్న లాడ్జి రేటులో సగానికే అంటారు. డబ్బు తీసుకున్నాక తీసుకెళ్లేది ఊరికి గంట దూరంలో, పొలాల మధ్య ఉన్న గుడిసెకు. డబ్బు లాడ్జి ఆఫీసులోనే కట్టండి, రసీదు మీద ఊరికి ఎన్ని కిలోమీటర్ల దూరమో రాయించుకోండి. అయవాస్కా అనే మత్తు కషాయం తాగించే క్రతువుల పేరుతో వచ్చే పిలుపులు కూడా ఇక్కడ ఎక్కువ. డిప్రెషన్‌కు, గుండెకు మందులు వాడేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. పర్యటన మధ్యలో సరదాగా ప్రయత్నించే వ్యవహారం కానే కాదు.

లెటీసియా: నాలుగైదు రోజులే ఉంటే

కొలంబియా దక్షిణపు మొనలో చిన్న ఊరు. బొగొటా నుంచి విమానంలో రెండు గంటలు, రోడ్డు లేదు. ఊరి వీధిలో నడుస్తూ నడుస్తూ బ్రెజిల్‌లోని తబటింగాలోకి వెళ్లిపోతారు, గేటు లేదు, ఆపేవాళ్లు లేరు. నదికి ఎదురుగా ఉన్న సాంటా రోసా దీవి వైపు పెరూ. కొలంబియా పెసోలు, బ్రెజిల్ రియాళ్లు రెండూ చాలా దుకాణాల్లో చెల్లుతాయి. విమానం దిగగానే పర్యాటక పన్ను కట్టించుకుంటారు, పెసోలు చేతిలో ఉంచుకోండి.

చిన్న ఊరు కావడమే దీని బలం. సాయంత్రం ఐదున్నరకు సాంటాందెర్ పార్కుకు వెళ్తే వేలాది చిలకలు గూళ్లకు చేరడం చూడొచ్చు. గొడుగు వేసుకునే వెళ్లండి, వాన కోసం కాదు. మర్నాడు ఉదయం బోటెక్కి ఎగువకు రెండు గంటలు వెళ్తే ప్యుయెర్తో నారిన్యో. కార్లు, మోటార్‌సైకిళ్లు లేని ఊరు, కాలిబాటలే వీధులు. అక్కడి నుంచి తారపోతో సరస్సు దగ్గర, డాల్ఫిన్లు కనిపించే అవకాశం బాగా ఎక్కువ. చాలామంది ఆ ఊరికి ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేస్తారు, అది దండగ. తిరుగు బోట్లు రోజుకు కొన్నే, వాటి వేళ కోసం పరిగెత్తడంతో సరస్సు మీద మధ్యాహ్నపు ఎండలోనే గడుస్తుంది. డాల్ఫిన్లకు, పక్షులకు తెల్లవారుజామున, సాయంత్రం వెళ్లాలి. ఒకటి రెండు రాత్రులు అక్కడే ఉండండి. రేవులో దిగగానే తిరుగు టికెట్టు కొనేయండి, సీట్లు అయిపోతాయి.

కోతుల దీవి అని అమ్మే యాత్ర మాత్రం మానేయొచ్చు. అరటిపండు చూపిస్తే భుజమెక్కే కోతులు ఫొటోకు బాగుంటాయి, అడవికి కాదు. అడవి జంతువులు కావాలనుకుంటే అదే డబ్బుతో బ్రెజిల్, పెరూ మధ్య పారే జవారీ నది వైపు లాడ్జిల్లో రెండు రోజులు ఉండొచ్చు.

మనౌస్: పెద్దవాళ్లతో, పిల్లలతో

జనాభా 20 లక్షలకు పైనే. షాపింగ్ మాల్స్, కార్పొరేట్ ఆస్పత్రులు, ఏసీ గదులు అన్నీ ఉన్నాయి. 1967లో పెట్టిన పన్నుల మినహాయింపు మండలం వల్ల ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అడవి మధ్యలో ఇంత పెద్ద నగరమా అని నిరాశపడేవాళ్లు ఉంటారు. అరవై దాటిన అమ్మానాన్నలతో, ఆరేళ్ల పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం అదే ధైర్యం. ఇంకో లాభం కూడా ఉంది. ఊరు ఆనుకుని ఉన్నది రియో నెగ్రో. ఆ నల్లనీళ్లలో ఆమ్లం ఎక్కువ, పోషకాలు తక్కువ, దోమపిల్లలు అంతగా బతకవు. అందుకే నెగ్రో ఒడ్డు లాడ్జిల్లో దోమల బెడద తక్కువ. అదే కారణంగా చేపలు, పక్షులు కూడా కాస్త తక్కువ. గోధుమరంగు నీళ్ల సొలిమోయ్న్స్ (మనౌస్‌కు ఎగువన అమెజాన్‌కు బ్రెజిల్‌లో ఉన్న పేరు) వైపు జంతువులు ఎక్కువ, దోమలూ ఎక్కువ. లాడ్జి బుక్ చేసేటప్పుడు "నల్లనీళ్లా, తెల్లనీళ్లా?" అని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. అక్కడ తెల్లనీళ్లంటే బురద రంగు నీళ్లే.

ఈ రెండు నదులు కలిసే చోటును చూడకుండా ఎవరూ రారు. నెగ్రో వెచ్చన, నెమ్మది. సొలిమోయ్న్స్ చల్లన, వేగం, బరువు. అందుకే దాదాపు ఆరు కిలోమీటర్లు కలవకుండా పక్కపక్కనే పారతాయి. దీనికి రోజంతా పట్టే టూర్ కొనక్కర్లేదు. సెయాజా రేవు నుంచి కరెయ్రో వైపు వెళ్లే వాహనాల బల్లకట్టు ఆ సంగమం మీదుగానే దాటుతుంది. అదే రేవులో స్పీడ్‌బోటు మాట్లాడుకుంటే గంటలో తిరిగి రావొచ్చు. రోజంతా టూర్లలో సంగమం తర్వాత అనకొండనో, స్లాత్‌నో చేతిలో పెట్టి ఫొటో తీయించే చోటికి తీసుకెళ్తుంటారు. అడవిలోంచి పట్టి తెచ్చి అలా ఆడించడం బ్రెజిల్ చట్టం ప్రకారం నేరం. ఆ మజిలీ ఉందేమో అడిగి, ఉంటే ఆ టూర్ వదిలేయండి.

ఊళ్లో రెండు పూటలు చాలు. 1896లో తెరిచిన టియాట్రో అమెజోనాస్ నాటకశాల, నది ఒడ్డున అడోల్ఫో లిస్బోవా మార్కెట్ ఒక పూట. రెండో పూట ముసా అనే అడవి మ్యూజియం. అందులో 42 మీటర్ల బురుజు, 242 మెట్లు, పైకెక్కితే చెట్ల తలలన్నీ కింద. ఉదయం వెళ్తేనే పక్షులు. అడవి కోసం మాత్రం ఊరు దాటాలి. 2011లో తెరిచిన నెగ్రో వంతెన మీదుగా నోవో ఐరావ్ వరకు రోడ్డు ఉంది, సుమారు మూడు గంటలు. అక్కడ అనవిల్యానాస్ దీవుల జాతీయ వనం మొదలవుతుంది. జూన్‌లో ఆ దీవులు మునిగి వాటి మీదుగా పడవ పోతుంది, నవంబర్‌లో వాటి చుట్టూ తెల్ల ఇసుక తేలుతుంది. పడవంటే భయపడే పెద్దవాళ్లకు ప్రెసిదెంచి ఫిగెయ్రెదో జలపాతాలు ఉండనే ఉన్నాయి, కారులో సుమారు 110 కిలోమీటర్లు.

సాంటారెమ్, బెలెమ్

తపజోస్ నది అమెజాన్‌లో కలిసే చోట సాంటారెమ్ ఉంది. సాంటారెమ్‌కు వెళ్లేవాళ్లు నిజానికి వెళ్లేది అక్కడికి 35 కిలోమీటర్లలో ఉన్న ఆల్టెర్ దో షావ్‌కు. ఆగస్టు నుంచి తపజోస్ తగ్గుతూ తెల్ల ఇసుక బయటపడుతుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా సముద్రతీరమే అనిపిస్తుంది, ఉప్పు ఉండదు. ఊరి ఎదురుగా ఉన్న ఇల్యా దో అమోర్‌కు నీళ్లు బాగా తగ్గినప్పుడు నడిచే వెళ్లొచ్చు, లేదంటే కత్రాయా అనే తెడ్ల పడవలున్నాయి. లోతు తక్కువ నీళ్లలో పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. ఇసుకలో దాగి ఉండే స్టింగ్‌రే చేప అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది. కుడితే పాదాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి ఆస్పత్రికి వెళ్లాలి. తపజోస్ జాతీయ అడవిలో ఊళ్లవాళ్లే గైడ్లు, వాళ్లతో వెళ్తే పెద్ద సమౌమా చెట్ల దాకా అరపూట నడక.

చిక్కు ఏమిటంటే, ఇసుక బాగుండే ఆ నెలల్లోనే అడవులు, పచ్చికబయళ్లు తగలబెట్టే కాలం కూడా. 2023లో, 2024లో మనౌస్, సాంటారెమ్‌ల మీద రోజుల తరబడి పొగ కమ్మింది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ ఊరిని సెప్టెంబర్ తర్వాత పెట్టుకోవద్దు. జులై చివర, ఆగస్టులో వెళ్తే ఇసుక కాస్త తక్కువైనా గాలి బాగుంటుంది.

బెలెమ్‌ను అడవి కోసం ఎంచుకోకండి, తిండి కోసం వెళ్లండి. వేర్-ఓ-పెజో మార్కెట్‌లో తెల్లవారకముందే అసాయి పళ్ల బుట్టలు దిగుతాయి. అక్కడ అసాయి తియ్యటి ఐస్‌క్రీమ్ కాదు, వేయించిన చేపతో, కర్రపెండలం పిండితో తినే చిక్కటి గుజ్జు. వీధులకు రెండువైపులా మామిడి చెట్లే, దాన్ని మామిడి చెట్ల నగరమనే పిలుస్తారు. కాయల కాలంలో చెట్టు కింద కారు పెట్టేవాళ్లు తక్కువ. పడవ ప్రయాణం చివరన రెండు రోజులు ఆగడానికి సరైన చోటు.

లాడ్జికి ఫోన్ చేసినప్పుడు

ఎక్కడైనా అడగాల్సినవి అవే. ఊరి నుంచి ఎన్ని గంటలు, ఏ ఇంజన్ పడవలో? పెకె-పెకెను బ్రెజిల్‌లో రబేతా అంటారు. దాని మీద మూడు గంటలు పట్టే దూరం 40 హార్స్‌పవర్ మోటారు మీద గంట. ఒక గైడుకు ఎంతమంది? ఆరుగురు దాటితే వెనకున్నవాళ్లకు ఏమీ కనిపించదు, వినిపించదు. లైఫ్ జాకెట్ పిల్లల కొలతలో ఉందా? ఇప్పుడు నది ఎంతవరకు ఉంది, రేవు నుంచి గదికి ఎంత నడక? తగ్గునీటి నెలల్లో ఆ నడక నిట్టనిలువు మట్టిగట్టు మీద వంద మెట్లు కావొచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది ముందే తెలియాలి. రబ్బరు బూట్లు లాడ్జి ఇస్తుంది, అయితే పెద్ద పాదాలకు సైజు దొరక్కపోవచ్చు. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. ఒకసారి తడిస్తే ఆ తేమలో మూడు రోజులైనా ఆరవు.

పడవలో వెళ్లాలా, విమానంలోనా?

ఈ ఊళ్లను కలిపేది నది, దాని మీద రెండు రకాల బోట్లు. లాంచ్యా అనే వేగపు బోటులో సీట్లు, ఏసీ, మూసిన కిటికీలు. తబటింగా నుంచి మనౌస్‌కు సుమారు 1,600 కిలోమీటర్లు, ఒకటిన్నర రోజు. ప్రయాణికులు ఎవరి ఊయల వాళ్లు కట్టుకుని పడుకునే ఊయల బోటులో అదే దూరం దిగువకు మూడు, నాలుగు రోజులు, ఎగువకు ఆరేడు. మనౌస్ నుంచి సాంటారెమ్‌కు ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి బెలెమ్‌కు రెండు రోజులకు పైనే.

జంతువులు చూడ్డానికి ఊయల బోటు ఎక్కకండి. దిగువకు వెళ్లే బోటు ప్రవాహం బలంగా ఉండే నది నడుమ పోతుంది, గట్టు రెండువైపులా పచ్చగీత మాత్రమే. ఎగువకు వెళ్లేది ఎదురు నీళ్లు తప్పించుకోవడానికి గట్టు పక్కనే పాకుతుంది. ఇళ్లు, పిల్లలు, అరటితోటలు దగ్గరగా కనిపించేది అందులోనే. రుచి చూడాలనుకునేవాళ్లకు మనౌస్-సాంటారెమ్ సరిగ్గా సరిపోయే ముక్క: ఒక రాత్రి, మహా అయితే రెండు. తబటింగా-మనౌస్ నాలుగు రోజులు ఓపిక ఉన్నవాళ్లకే.

ఊయల రేవు దగ్గర దుకాణాల్లోనే దొరుకుతుంది. సన్నటి నైలాన్‌ది కాకుండా వెడల్పాటి నూలుది తీసుకోండి. తాళ్లు సాధారణంగా విడిగా కొనాలి, రెండు, ఒక్కోటి రెండు మీటర్లకు తగ్గకుండా. బోటు బయల్దేరే వేళకు నాలుగైదు గంటల ముందే ఎక్కి చోటు పట్టుకోవాలి. కింది అంతస్తులో ఇంజన్ మోత, సరుకు. వెనక వైపు మరుగుదొడ్లు, వంటగది పొగ. పై అంతస్తు బారులో అర్ధరాత్రి దాకా పాటలు. మధ్య అంతస్తు ముందు సగం మంచిది, మరీ అంచున కట్టుకుంటే వాన జల్లు కొడుతుంది. తెల్లవారుజామున గాలికి చలేస్తుంది, పల్చటి దుప్పటి ఉండాలి. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్ ఊయలలో మీతోనే ఉండాలి. సంచికి తాళం వేసి ఊయల కింద స్తంభానికి గొలుసుతో కట్టేయండి. తబటింగా బోట్లలో భోజనం సాధారణంగా టికెట్టులోనే, మనౌస్ దిగువన చాలా బోట్లలో విడిగా కొనుక్కోవాలి, ఎక్కేముందు అడగండి. పెరూ బోట్లయితే కంచం, చెంచా మీవే ఉండాలి. తబటింగా-మనౌస్ దారిలో మాదకద్రవ్యాల కోసం బ్రెజిల్ ఫెడరల్ పోలీసులు సంచులన్నీ విప్పిస్తారు, ఎవరి పార్సిలూ "అక్కడ దింపెయ్యండి" అంటే తీసుకోవద్దు.

ఇకిటోస్, లెటీసియా రెండూ చూడాలంటే సాంటా రోసా నుంచి వేగపు బోటు ఉంది, పగలంతా పడుతుంది. అది తెల్లవారకముందే కదులుతుంది, ఆ వేళకు ఇమిగ్రేషన్ ఆఫీసు తెరవరు. కొలంబియా నుంచి వెళ్తున్నట్టు ముద్ర లెటీసియా విమానాశ్రయంలో, పెరూలోకి వస్తున్నట్టు ముద్ర సాంటా రోసాలో ముందురోజే వేయించుకోవాలి. మూడు ఊళ్ల మధ్య తిరగడానికి ఎవరూ అడగరు కదా అని ముద్ర లేకుండా ముందుకు పోతే ఇకిటోస్ విమానాశ్రయంలోనో, మనౌస్‌లోనో జరిమానా కట్టాలి.

గడియారం కూడా చూసుకోండి. ఇకిటోస్, లెటీసియా, తబటింగా ఒకే వేళ. మనౌస్ వాటికన్నా ఒక గంట ముందు, సాంటారెమ్, బెలెమ్ ఇంకో గంట ముందు. తబటింగా నుంచి మనౌస్‌కు వచ్చి వెంటనే విమానం ఎక్కాలనుకునేవాళ్లు ఆ గంట దగ్గరే దెబ్బతింటారు.

వీసా, టీకా

భారత పాస్‌పోర్టు మీద బ్రెజిల్‌కు వీసా తప్పదు. పెరూ, కొలంబియాలకు మాత్రం అమెరికా లేదా షెంగెన్ వీసా ఆరు నెలలకు పైగా చెల్లుబాటులో ఉంటే విడిగా వీసా అక్కర్లేని వెసులుబాటు ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టుకు ముందు ఆయా కాన్సులేట్ల పేజీ చూసుకోండి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి లెటీసియా, ఇకిటోస్ తేలికవడానికి కారణం ఇదే. తిరిగి రావడానికి స్టాంపు గడువు ఉందో లేదో కూడా చూసుకోవాలి. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ 10 నుంచి బ్రెజిల్ ఈ-వీసా అడుగుతోంది. హైదరాబాద్ నుంచి అయితే దుబాయ్, సావ్ పావ్లో మీదుగా మనౌస్ అమెరికా గడ్డ తగలకుండా వెళ్లే దారి. లీమా, బొగొటాలకు అమెరికా మీదుగా టికెట్టు చౌకగా కనిపిస్తే, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలన్నది మరవొద్దు.

ఎల్లో ఫీవర్ టీకా ఐదు ఊళ్లకూ కావాలి. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వంటి గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే. ఒకసారి వేస్తే ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు లేకుండా బ్రెజిల్, పెరూ, కొలంబియాల నుంచి భారత్‌లో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. పెద్దవాళ్లకు టీకా వద్దంటే ఆ యాత్రే వద్దు. మలేరియా మాత్రలు కూడా అదే డాక్టరును అడగండి, ముఖ్యంగా ఇకిటోస్ చుట్టుపక్కలకు.

శాకాహారం, ప్లగ్గు, చివరి రోజు

మాంసం వద్దని చెబితే సరిపోదు. అక్కడ కార్నె అంటే గొడ్డుమాంసం అనే అర్థం చేసుకుని కోడి పెడతారు. ఇకిటోస్, లెటీసియాల్లో "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో", బ్రెజిల్‌లో "సెమ్ కార్ని, సెమ్ ఫ్రాంగు, సెమ్ పెయ్షి" అని మూడూ చెప్పాలి. రాజ్మా లాంటి ఫెయ్జావ్‌లో పంది ముక్కలుంటాయి, ఇకిటోస్ తకాచో అరటికాయ ముద్దలో పందికొవ్వు ఉంటుంది. అన్నం, వేయించిన అరటి, గుడ్డు, చోంతా అనే తాటిజాతి మొవ్వు సలాడ్, బ్రెజిల్‌లో వెన్నో చీజో పెట్టిన తపియోకా అట్టు, పండ్లతో రోజులు గడుస్తాయి.

పెరూలో కరెంటు 220 వోల్టులు. లెటీసియాలో 110, మనౌస్, బెలెమ్‌లలో 127. అందుకని మన ఎలక్ట్రిక్ కెటిల్ ఇకిటోస్‌లో మరుగుతుంది, మనౌస్‌లో చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. ఫోన్ చార్జర్లకు ఇబ్బంది లేదు, లెటీసియాకు చపటి పిన్నుల అడాప్టర్ మాత్రం కావాలి.

లాడ్జి నుంచి తిరిగొచ్చిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. వాన వస్తే పడవ ఆగుతుంది, పొగమంచు కమ్మితే లెటీసియా, ఇకిటోస్ విమానాలు ఆలస్యమవుతాయి, వాటికి బదులు రోడ్డు లేదు. లీమాలోనో, బొగొటాలోనో, సావ్ పావ్లోలోనో ఒక రాత్రి ఖాళీగా ఉంచండి. లోపలి విమానం, బయటి విమానం ఒకే టికెట్టు మీద ఉంటే మొదటిది తప్పినా రెండోది ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. విడివిడిగా కొంటే ఆ ఖర్చు మీది.